గాజువాక నుంచి మధురవాడకి మారుతున్నాం, కరెంటు మీటరు, గ్యాస్ సంగతి చెప్పండి

అందరికీ నమస్తే అండి. పన్నెండేళ్లు గాజువాకలో అద్దెకున్నాం, ఇన్నాళ్లకి విశాఖలోనే మధురవాడ వైపు ఒక సెకండ్ హ్యాండ్ ఫ్లాట్ కొనుక్కున్నాం, రిజిస్ట్రేషన్ అయిపోయింది, ఆషాఢం వెళ్లగానే శ్రావణంలో పాలు పొంగించుకుని దిగిపోదామని. కరెంటు బిల్లు ఇంకా పాత ఓనర్ గారి పేరు మీదే వస్తోంది, ఆయనేమో ఈ నెలాఖరుకి బెంగళూరు వెళ్లిపోతున్నారు. గ్యాస్ మా ఆవిడ పేరున ఉంది, సిలిండర్లు ఇక్కడ అప్పజెప్పేసి అక్కడ కొత్తది తీసుకోవాలా? మా నాన్నగారికి రాత్రిళ్లు ఆక్సిజన్ మిషన్ పెట్టాలి, ఒక్క పూట కరెంటు తేడా వచ్చినా కష్టం, అందుకే అడుగుతున్నా.

బీచ్‌రోడ్డు బాబాయ్:
ముందు కంగ్రాట్స్ అండి, సొంతిల్లంటే మాటలు కాదు. ఆ ఓనర్ గారు ఊళ్లో ఉండగానే కరెంటు పని చూసుకోండి, మిగతావన్నీ తర్వాత. మన కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్‌లో పేరు మార్పుకి రిజిస్టర్డ్ సేల్ డీడ్ కాపీ, మీ ఆధార్, చివరి బిల్లు కట్టిన రసీదు పట్టుకెళ్లండి, ఆయన చేత నో అబ్జెక్షన్ లెటర్ కూడా రాయించుకుంటే మంచిది. ఎందుకంటే మీటరు మీద ఆయన కట్టిన డిపాజిట్ ఉంటుంది కదా, దాన్ని మీ పేరుకి మార్చడానికి ఆయన ఒప్పుకుంటే సరే, లేదంటే మీరు మళ్లీ కట్టుకోవాల్సి రావచ్చు. పాత బాకీ ఉందేమో కూడా చూడండి. 2023 మేలో సుప్రీంకోర్టు కేరళ విద్యుత్ బోర్డు కేసులో చెప్పింది, పాత ఓనర్ బాకీని రూల్స్ ప్రకారం కొత్త ఓనర్ దగ్గర కూడా అడగొచ్చని. ఇంకోటి, ట్రూ అప్ చార్జీలంటే ఆ మీటరు మీద ఎప్పుడో కాలిన యూనిట్లకి లెక్కకట్టి ఇప్పుడు వేసేవి, కాబట్టి మొదటి బిల్లు ఎక్కువొస్తే కంగారు పడకుండా లోపల లైన్లు చదవండి.

ఎంవీపీ కాలనీ అమ్మాయి:
గ్యాస్ మాత్రం సరెండర్ చేయకండి అన్నయ్యా!! ఊళ్లోనే మారుతున్నారు కాబట్టి సిలిండర్లు, రెగ్యులేటర్ మీతోనే తీసుకెళ్లొచ్చు. అదే కంపెనీకి మధురవాడ వైపు ఉన్న ఏజెన్సీకి ట్రాన్స్‌ఫర్ పెట్టించుకుంటే చాలు, వదిన గారి సబ్‌స్క్రిప్షన్ వోచర్ (కనెక్షన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన కాగితం), కొత్త అడ్రస్ ప్రూఫ్ దగ్గర పెట్టుకోండి. వేరే ఊరెళ్లేవాళ్లకే అప్పజెప్పడం, డిపాజిట్ వెనక్కి తీసుకోవడం అవీను. మా పిన్ని తెలియక సరెండర్ చేసేసింది, ఎప్పుడో కట్టిన తక్కువ డిపాజిట్ చేతికొచ్చింది, కొత్త కనెక్షన్‌కి ఇప్పటి రేటు కట్టింది. పాలు పొంగించే రోజుకి నిండు సిలిండర్ ఉండేలా ముందే బుక్ చేసుకోండి.

పెందుర్తి రాజుగారు:
సెల్లార్‌లో మీటర్ల బోర్డు దగ్గరికి ఒకసారి వెళ్లారా? మా అపార్ట్‌మెంట్‌లో ఇరవై మీటర్లు వరసగా ఉంటాయి, ఫ్లాట్ నంబర్లు పెయింటుతో రాసినవి సగం చెరిగిపోయి. రెండేళ్లు నేను పక్కింటి బిల్లు కట్టాను, వాళ్లు నాది కట్టారు, రెండిళ్లకీ వాడకం ఒకేలా ఉండడంతో ఎవరికీ అనుమానం రాలేదు, వాళ్లు ఏసీ పెట్టించాకే బయటపడింది. ఇంట్లో మెయిన్ ఆఫ్ చేసి ఒకరిని కింద నిలబెట్టండి, మీటరు మీద మిణుకు మిణుకుమనే ఎర్ర లైటు ఆగిపోతే అదే మీది. దిగే రోజు రీడింగ్ ఫోటో తీసుకోండి. మిషన్‌కి మాత్రం ఇన్వర్టర్ తప్పదండి, కరెంటు పోతే 1912కి చేయండి.

అడిగినవారు:
అందరికీ చాలా థాంక్స్ అండి. ఓనర్ గారు లెటర్ రాసిస్తానన్నారు, శనివారం కలుస్తున్నా. రాజుగారూ, మీరు చెప్పారని ఇవాళ సాయంత్రం మా అబ్బాయిని సెల్లార్‌లో నిలబెట్టి పైన మెయిన్ ఆపాను, "నాన్నా, 204 మీటర్ లైటు ఇంకా కొట్టుకుంటోంది, 205ది ఆగింది" అని కింద నుంచి కేకేశాడు. 205 వాళ్ల తలుపు తట్టాను, పాపం మంచివాళ్లు, సోమవారం ఇద్దరం కలిసి కరెంటు వాళ్ల ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఆఫీసుకి వెళ్తున్నాం.