ఆటపాక దగ్గర విజిటర్ సెంటర్: కొల్లేట్లో కలిసిపోయేలా ఎలా కట్టాలి?

థీసిస్_టెన్షన్:
అందరికీ నమస్కారం. బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) ఫైనల్ ఇయర్. థీసిస్‌కి కొల్లేరు తీసుకున్నాను, సైటు ఆటపాక పక్షుల కేంద్రం పక్కన, చెరువు గట్టును ఆనుకుని. అక్కడ ఇప్పటికే ఉన్న కట్టడాలు లేవనుకుని కొత్తగా డిజైన్ చేయాలి. ప్రకృతిలో కలిసిపోవాలన్నది నా మెయిన్ ఐడియా కాబట్టి మట్టిదిబ్బలా పైకి లేచే కప్పు, దాని మీద గడ్డి, చెరువు వైపు మొత్తం గాజు గోడ, పైన నిలబడి చూడ్డానికి డెక్ వేశాను. రిఫరెన్స్ 2006లో తెరిచిన హాంకాంగ్ వెట్‌ల్యాండ్ పార్క్. గైడ్ సార్ షీట్లన్నీ చూసి "బొమ్మ బాగుంది, గూడబాతుల్ని (పెలికన్లని) అడిగావా?" అని ఒక్క మాట అని వెళ్ళిపోయారు. రెండు వారాల్లో రివ్యూ. గడ్డి కప్పు ఉంచాలా, తాటాకుకి మారాలా? పిల్లర్ల మీద లేపాలా, మట్టి పోసి మెరక చేయాలా? ఎవరైనా చెప్పండి ప్లీజ్.

నల్లరేగడి_ఇంజనీరు:
హాంకాంగ్‌లో ఆ దిబ్బ ఎందుకు కుదిరిందో చూడు ముందు. తిన్ షుయ్ వాయ్ అనే కొత్త టౌను కట్టినప్పుడు పోయిన చిత్తడి నేలకి బదులుగా వచ్చిన పార్కు అది, వెనకాలే పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు. టౌను వైపు నుంచి చూస్తే బిల్డింగు గడ్డి వాలులా కనిపిస్తుంది, జనం దాని మీదే నడిచి పైకెళ్తారు. కొల్లేట్లో దిబ్బలెక్కడున్నాయి బాబూ? కనుచూపు మేర చదును, మధ్యలో గట్లు, అక్కడక్కడా తాడిచెట్లు. అక్కడ పచ్చటి దిబ్బ పెడితే గోల్ఫ్ కోర్సు తెచ్చి పడేసినట్టుంటుంది. గట్టు ఒకచోట కొంచెం వెడల్పయిందా అనిపించేలా పొడుగ్గా, సన్నగా, ఒక్క అంతస్తులో వేయి.

గడ్డి కప్పు బరువు లెక్కేశావా? పది సెంటీమీటర్ల మట్టి తడిస్తే చదరపు మీటరుకి వంద కిలోలు దాటేస్తుంది, కింద ఉన్నది మెత్తటి బంకమట్టి. పైగా మే నెలలో దానికి నీళ్ళెవరు పోస్తారు, కొల్లేరే ఎండిపోతుంటే.

మట్టి పోసి మెరక చేయడం అన్న మాట రివ్యూలో ఎత్తకు. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా బోలెడు డ్రెయిన్లు లోపలికి వస్తాయి, బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అడ్డంగా వేసిన చేపల చెరువుల గట్లు కొట్టించడానికే కదా 2006లో ఆపరేషన్ కొల్లేరు చేసింది! పైల్స్ (నేలలోకి లోతుగా దించే స్తంభాలు) వేసి లేపు. ఫ్లోర్ లెవెల్‌కి ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) మ్యాపు ఒక్కటే నమ్ముకోకు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికే నీళ్ళొచ్చాయి, ఆ నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఊళ్ళో గోడలు చూసి, మనుషుల్ని అడిగి కొలుచుకో.

బైనాక్యులర్_అక్క:
మీ గైడ్ సార్‌కి నా తరఫున ఒక కాఫీ. కప్పు సంగతి పై ఆయన చెప్పారు కానీ నన్ను భయపెట్టింది గాజు గోడ. దాంట్లో ఆకాశం, నీళ్ళు ప్రతిబింబిస్తాయి, పిట్ట అది దారే అనుకుని వచ్చి గుద్దుకుంటుంది. లోపల కర్టెన్ వేస్తే సరిపోదు, గాజు బయటి వైపే ఐదేసి సెంటీమీటర్లకి ఒక గీతో చుక్కో ఉండాలి. అసలంత గాజు ఎందుకు? అడ్డంగా సన్నటి కిటికీలు చాలు, ఒక వరస పెద్దవాళ్ళు బెంచీ మీద కూర్చుంటే కంటికి అందేలా, ఇంకో వరస పిల్లల ఎత్తుకి.

పైన డెక్ మాత్రం తీసెయ్. ఆకాశం బ్యాక్‌గ్రౌండ్‌లో పదిమంది నిలబడి ఫోన్లు పైకెత్తితే గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు వదిలి లేస్తాయి, గుడ్డో పిల్లో ఎండలో ఉండిపోతుంది, కాకి చూస్తూనే ఉంటుంది. పులికాట్ దగ్గరి నేలపట్టులో గూడబాతులు ఊరి పక్క చెరువులోనే నీటి కడప చెట్ల మీద గూళ్ళు పెడతాయి, రోజూ పొలానికెళ్ళే మనిషిని, గేదెని పట్టించుకోవు. వాటికి పడనిది హఠాత్తుగా ఊడిపడే గుంపు. అందుకే గోడకి ఏ రంగు వేశావన్నదాని కన్నా మనుషులు ఎటునుంచి నడిచొస్తారన్నది ముఖ్యం. దారి పొడుగునా రెండువైపులా తడికలు కట్టు. కప్పుకి రేకులు వద్దు, వానకి ఆ మోత పక్షులకే కాదు, మనకీ నరకం. రాత్రి లైట్లు నేలవైపుకి తిప్పి, మిగతావి ఆర్పేయాలి.

లంక_కుర్రోడు:
మాది కొల్లేటి లంక ఊరు. తాటాకు అనగానే సిటీవాళ్ళకి ముచ్చటేస్తుంది కానీ మా నాయనమ్మ ఇంటికి రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ నేసేవాళ్ళం, ఎండాకాలం నిప్పు భయం వేరే. కాంట్రాక్టరు బిల్లు తీసుకుని వెళ్ళిపోయాక నేసేదెవరు? డెన్మార్క్‌లో వాడెన్ సీ సెంటర్ అని 2017లో కప్పుకీ గోడలకీ రెల్లు కట్టి కట్టారు, భలే ఉంది, కానీ అక్కడ నేసే పనివాళ్ళు ఇంకా ఉన్నారు. నువ్వు మామూలు పెంకు కప్పు వేసి, కిక్కిస గడ్డిని తడికలకి వాడు. అది కొల్లేరంతా కావలసినంత ఉంది, పాడైతే ఊళ్ళోవాళ్ళకి కూలి ఇచ్చి మార్పించవచ్చు.

పిల్లర్ల గురించి ఇంజనీరు గారితో సగమే ఒప్పుకుంటా. దగ్గర దగ్గరగా వేస్తే కింద గుర్రపుడెక్క, ప్లాస్టిక్, పాములు చేరతాయి. దోనె దూరి శుభ్రం చేసేంత సందు ఉంచు.

ఇప్పుడు ఎవరూ అడగని సంగతి: బాత్రూములు. నీరు రెండడుగుల లోతులోనే ఉన్నచోట మామూలు సెప్టిక్ ట్యాంకు పెడితే అదంతా చెరువులోకే పోతుంది. ఒకచోట నేను చూశాను, పేరు చెప్పను, ఓపెనింగ్ రోజు ఫొటోలు బ్రహ్మాండం, మూడో నెలకి తాళం. కారని సీల్డ్ ట్యాంకు పెట్టు, లారీ వచ్చి తోడుకెళ్ళడానికి దారి పెట్టు. స్కూలు బస్సులొస్తే ఒకేసారి యాభైమంది పిల్లలు దిగుతారు, భోజనాలు చేస్తారు, మెతుకులకి కుక్కలూ కాకులూ. ఇవన్నీ నీళ్ళ దగ్గర ఎందుకు తమ్ముడూ? టికెట్లు, భోజనాలు, బాత్రూములు రోడ్డు పక్కన పెట్టేయ్. గట్టు మీద కిటికీలున్న చిన్న గది ఒక్కటి చాలు.

థీసిస్_టెన్షన్:
అంటే బిల్డింగునే రెండు ముక్కలు చేయాలన్నమాట... షీట్లన్నీ మళ్ళీ గీయాలి, ఏడుపొస్తోంది కానీ నిజమే అనిపిస్తోంది. రూల్స్ పరంగా నీటికి ఎంత దూరం ఉండాలి?

నల్లరేగడి_ఇంజనీరు:
2017 వెట్‌ల్యాండ్ రూల్స్ ప్రకారం పదేళ్ళ సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు బోటు జెట్టీలు తప్ప శాశ్వత కట్టడాలు కూడదు. అభయారణ్యం లోపలైతే ఆ రూల్స్ కాదు, వన్యప్రాణి చట్టం చూడాలి. ఏదైనా సరే, రోడ్డు పక్క బ్లాకుని ఆ 50 మీటర్ల అవతలే పెట్టు. గట్టు మీది గది బోల్టులు విప్పి తీసేసేలా చెక్కతో చెయ్. ఆ జాయింట్ ఒక్కటి పెద్దగా గీసి చూపించు, జ్యూరీ అక్కడే ఆగుతుంది.

లంక_కుర్రోడు:
సైటుకి మళ్ళీ వస్తావు కదా, ఈసారి పొద్దున ఆరింటికల్లా రా. ఎండెక్కితే గూడబాతులు గాలి పట్టుకుని పైకి లేచిపోతాయి. పోయినసారి నువ్వొచ్చింది మిట్టమధ్యాహ్నం అయ్యుంటుంది, అందుకే ఆ డెక్ ఐడియా వచ్చింది.