రెండోసారి చీలమండ బెణికింది, జట్టులో పేరూ లేదు. ఇప్పుడేం చేయాలి?

కుడి వింగ్: మా వాడికి పద్నాలుగేళ్లు, స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో వింగర్ (మైదానం అంచు వెంబడి దాడి చేసేవాడు). ఒకే సీజన్‌లో కుడి చీలమండ రెండుసార్లు బెణికింది. మొదటిసారి వాపు తగ్గగానే ఆడేశాడు. ఎక్స్‌రేలో ఎముకకేమీ కాలేదన్నారు. ఈలోగా ‘ఒళ్లు చిన్నది’ అని సెలెక్షన్‌లో పక్కన పెట్టారు. మళ్లీ ఆటలోకి ఎలా దింపాలి?

ఫిజియో: వాపు తగ్గిందంటే కాలు సిద్ధమైందని కాదు. బెణికినప్పుడు లిగమెంట్ (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) ఒక్కటే దెబ్బతినదు, పాదం ఎటు వాలుతోందో పసిగట్టే శక్తి కూడా మందగిస్తుంది. అది తిరిగి రాకముందే వేగంగా మలుపు తీసుకుంటే అక్కడే మళ్లీ బెణుకుతుంది. అందుకే క్యాలెండర్ చూసి పంపకండి, కాలిని పరీక్షించి పంపండి.

గోడకెదురుగా నిలబెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకు ఆనించమనండి. బొటనవేలికీ గోడకీ మధ్య దూరం రెండు కాళ్లకూ దాదాపు సమానంగా రావాలి. తక్కువొస్తే చీలమండ ఇంకా బిగుసుకునే ఉంది, అదే కదలికను రోజూ సాధన చేయించండి. ఒంటికాలిపై నిలబడి మడమ ఎత్తి దించడం 15 చొప్పున మూడు విడతలు, ఒంటికాలిపై 30 సెకన్లు నిలకడ (ముందు కళ్లు తెరిచి, తర్వాత మూసి). ఆపైన ఒంటికాలి గెంతు కొలవండి: బాగున్న కాలి దూరంలో కనీసం 90 శాతం రావాలి.

తర్వాత వరుస ఇది: తిన్నని పరుగు, వంకర పరుగు, బంతితో మలుపులు, ఢీకొనడం లేని సాధన, పూర్తి సాధన, చివరికి మ్యాచ్. మర్నాడు పొద్దున వాపో నొప్పో కనిపిస్తే ఒక మెట్టు వెనక్కి. ఎముక మీద నొక్కితే నొప్పి ఉంటే మళ్లీ డాక్టరుకు చూపించండి. ఎదిగే వయసులో ఎముక చివరి పెరుగుదల పొరకు తగిలిన దెబ్బ ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు.

పాత లెఫ్ట్‌బ్యాక్: ‘ఒళ్లు చిన్నది’ అన్న మాటను తీర్పుగా తీసుకోకండి. వయసు విభాగం కటాఫ్ తేదీకి దగ్గర్లో పుట్టినవాడికీ, దాదాపు ఏడాది ముందు పుట్టినవాడికీ ఈ వయసులో ఒంట్లో చాలా తేడా ఉంటుంది, సెలెక్టర్లు దాన్నే ప్రతిభ అనుకుంటుంటారు. తర్వాత ఇంగ్లండ్ స్ట్రైకర్ అయిన హ్యారీ కేన్‌ను చిన్నప్పుడు ఆర్సెనల్ క్లబ్ వదిలేసింది. అలాగే ఇంగ్లండ్‌కు ఆడిన జేమీ వార్డీని పదహారేళ్లప్పుడు షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్ పొట్టివాడని పంపేసింది.

కోచ్‌ని ‘ఎందుకు తీసుకోలేదు’ అని నిలదీస్తే సంజాయిషీ తప్ప ఏమీ రాదు. ‘వచ్చే ట్రయల్స్‌కి వీడిలో ఏ రెండు విషయాలు మారాలి’ అని అడగండి, అదీ మీరు కాదు, వాడే అడగాలి. పరుగు మొదలవ్వకముందే బంతిని గోడకు కొట్టి అందుకునే సాధన చేయొచ్చు, నిలబడితే నొప్పి లేకుంటే చాలు: ఎనిమిది మీటర్ల దూరం, బంతి వచ్చేలోపు రెండు భుజాల మీదుగా వెనక్కి చూడటం, గోల్ వైపున్న పాదంతో ఆపడం. ముందే చూసుకున్న చిన్న పిల్లాడి దగ్గరికి పెద్ద డిఫెండర్ చేరేసరికి బంతి అక్కడ ఉండదు.

కుడి వింగ్: చీలమండకు బ్రేస్ (ఆసరా పట్టీ) వేయమంటారా?

ఫిజియో: వేయండి. లేసులు కట్టే రకం, మొదటి కొన్ని నెలలు సాధనకీ మ్యాచ్‌కీ. దాన్ని నమ్ముకుని నిలకడ సాధన మాత్రం మానకూడదు. వార్మప్‌కి ఫిఫా 11+ (గాయాలు తగ్గించేందుకు ఫిఫా రూపొందించిన వ్యాయామాల వరుస) చేయించండి: ఇరవై నిమిషాలు, వారానికి కనీసం రెండుసార్లు. అందులో గెంతి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతోందేమో ఎదురుగా నిలబడి చూడాలి, చాలా జట్లు వదిలేసేది అదే.