పొలాలు లేని కాలంలో సరస్సుల వెంట అంబర్, చెకుముకి రాయి ఎలా ప్రయాణించాయి?

ప్రశ్న

నమస్కారం. ఫిన్లాండ్, దానికి తూర్పున రష్యా సరిహద్దు వెంట ఉన్న కరేలియా ప్రాంతాల రాతియుగం గురించి కొంతకాలంగా చదువుతున్నాను. క్రీ.పూ. 4000 ప్రాంతంలో ఆగ్నేయ ఫిన్లాండ్‌లోని సైమా సరస్సు చుట్టూ ఉన్నవారు చేపలు పట్టుకుని, ఎల్క్ దుప్పినీ సీల్‌నీ వేటాడి బతికారు. వారికి పొలాలు లేవు, పట్టణాలు లేవు, పాలకులు ఉన్నట్టు ఆనవాళ్లూ లేవు. అయినా వారి సమాధుల్లో, ఆవాసాల్లో బాల్టిక్ తీరపు అంబర్ ఆభరణాలు, రష్యా వైపు చెకుముకి రాతితో చేసిన బాణపు మొనలు దొరుకుతున్నాయి. నాకు రెండు సందేహాలున్నాయి. ఆ వస్తువులు మనుషుల చేతుల మీదుగానే వచ్చాయని ఎలా నిర్ధారిస్తారు, మంచుయుగపు హిమనదాలు వాటిని మోసుకొచ్చి ఉండకూడదా? రెండోది, మిగులు ధాన్యమే లేని సమాజం ఏమిచ్చి వాటిని తెచ్చుకుంది? దయచేసి తెలిసినవారు వివరంగా రాయగలరు.

మొదటి సమాధానం

మీ మొదటి సందేహానికి భూగర్భశాస్త్రం నుంచి జవాబు చెబుతాను. ఫిన్లాండ్ నేల అడుగున ఉన్నది దాదాపుగా గ్రానైట్, నైస్ వంటి అతి ప్రాచీన శిలలే. చెకుముకి రాయి ఏర్పడాలంటే సముద్రజీవుల అవశేషాలతో తయారైన సుద్దరాయో సున్నపురాయో కావాలి, అవి అక్కడ లేవు. అందుకే స్థానికులు రోజువారీ పనిముట్లకు పలుగురాయిని వాడుకున్నారు. దానిని కొడితే అడ్డదిడ్డంగా పగులుతుంది, చెకుముకి రాయిలాగా అనుకున్న ఆకారానికి లొంగదు. కాబట్టి ఫిన్లాండ్ తవ్వకాల్లో చెకుముకి రాతి పెచ్చు ఒక్కటి కనిపించినా అది బయటి నుంచి వచ్చినదే. ఈ కాలంలో అక్కడికి చేరిన చెకుముకి రాయిలో ఎక్కువ భాగం రష్యాలోని వల్డాయ్ కొండలు, ఎగువ వోల్గా ప్రాంతాల్లోని కార్బోనిఫెరస్ యుగపు (30 కోట్ల ఏళ్లకు పైబడిన) సున్నపురాతి పొరలది.

హిమనదాల సంగతికి వస్తే, అవి ఫిన్లాండ్ మీదుగా ప్రధానంగా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి కదిలాయి. అంటే ఫిన్లాండ్ రాళ్లను రష్యా వైపు నెట్టగలవే తప్ప రష్యా చెకుముకి రాయిని ఫిన్లాండ్‌కు తేలేవు. ఈ ఒక్క విషయంతోనే ఆ వాదన నిలవకుండా పోతుంది. అంబర్ అంటే శిలాజంగా మారిన చెట్టు బంక. బాల్టిక్ అంబర్‌లో సక్సినిక్ ఆమ్లం ఎక్కువ, పరారుణ కిరణాలతో పరీక్షించినప్పుడు దాని వర్ణపటంలో ప్రత్యేకమైన గుర్తు కనిపిస్తుంది కనుక ఇతర ప్రాంతాల అంబర్‌తో పొరబడే అవకాశం చాలా తక్కువ.

రెండో సమాధానం

పై సమాధానం వస్తువు ఎక్కడిదో చెప్పింది. దారి మధ్యలో ఏం జరిగిందో చూడాలంటే లాట్వియాలోని లుబానా సరస్సు దగ్గరికి వెళ్లాలి, ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది అదే. ఆ సరస్సు సముద్రానికి సుమారు 150 కిలోమీటర్లకు పైగా లోపల ఉంది, అక్కడ సహజంగా అంబర్ దొరకదు. అయినా దాని చుట్టుపక్కల జ్వీద్జే, అబోరా వంటి రాతియుగపు ఆవాసాల్లో పూర్తయిన పూసలతో పాటు చెక్కుతుండగా రాలిన పెచ్చులు, సగం చేసి వదిలేసినవి, రంధ్రం వేస్తుండగా పగిలిపోయినవి కూడా దొరికాయి. గుండీల్లాంటి కొన్ని పూసలకు వెనకవైపు నుంచి రెండు రంధ్రాలను ఏటవాలుగా తొలిచి లోపల కలిపారు, దారం ముందువైపుకు కనిపించకుండా ఉండేందుకు చేసిన ఏర్పాటు అది. ఇంత మెత్తని, పెళుసైన పదార్థంలో ఆ రెండు రంధ్రాలను సరిగ్గా ఒకచోట కలపడానికి చేయి తిరిగిన పనివాడే కావాలి. తీరం నుంచి ముడి అంబర్‌ను తెప్పించుకుని, ఆభరణాలుగా మలిచి, తూర్పుకూ ఉత్తరానికీ పంపిన పనివాళ్లు అక్కడ ఉన్నారని ఈ వ్యర్థాలే సాక్ష్యం చెబుతున్నాయి. లుబానా నుంచి బయలుదేరే ఐవిఎక్స్తె నది దౌగవ నదిలో కలుస్తుంది, దౌగవ రీగా సింధుశాఖకు చేరుతుంది, కాబట్టి సముద్రానికీ ఆ సరస్సుకూ మధ్య నీటి దారి సహజంగానే ఉంది.

అదే దేశంలో బుర్త్‌నియెక్స్ సరస్సు ఒడ్డున ఉన్న జ్వెయ్‌నియెకి శ్మశానవాటికలో 1964 నుంచి 1971 వరకు తవ్వకాలు జరిగి 300కు పైగా సమాధులు బయటపడ్డాయి. వాటిలో కొన్నింటిలో మృతుల ముఖాన్ని బంకమట్టితో కప్పి, కళ్ల స్థానంలో అంబర్ వలయాలను పెట్టారు. అంబర్ కేవలం అలంకారం కోసమే అంత దూరం ప్రయాణించిందని నేను అనుకోకపోవడానికి ఇదొక కారణం.

ఎదురు దిశలో ఏం వెళ్లిందని మీరు అడుగుతారు. రష్యా వైపు కరేలియాలోని ఒనెగా సరస్సు పశ్చిమ తీరాన దొరికే ఆకుపచ్చని, గట్టి అగ్నిపర్వత శిలతో బాడిసలు, గుండ్రటి వాదర ఉన్న ఉలులు చేసిన పని స్థలాలు బయటపడ్డాయి. సుమారు క్రీ.పూ. 3500 తర్వాత తయారైన ఆ పనిముట్లు ఫిన్లాండ్, ఎస్టోనియా, లాట్వియాల దాకా వెళ్లాయి. చెట్టును తొలిచి పడవ చేసుకునేవారికి మంచి బాడిస ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే ఒనెగా మనిషే బాడిసలు మోసుకుని లాట్వియా దాకా వెళ్లి అంబర్‌తో తిరిగి వచ్చాడని అనుకోవాలా? అంత దూరం అప్పట్లో సాధ్యమేనా?

మూడో సమాధానం

దూరం సాధ్యమే. ఫిన్లాండ్‌లోని హెయినోలా దగ్గర సుమారు 10,000 సంవత్సరాల నాటి జారుడుబండి పట్టె ఒకటి దొరికింది, అది సైబీరియా పైన్ కలపతో చేసినది. ఆ చెట్టు ఫిన్లాండ్‌లో పెరిగేది కాదు, ఉరల్ పర్వతాల వైపు నుంచి రావాలి. అంటే అంబర్ ఆభరణాలు అక్కడికి చేరడానికి నాలుగు వేల ఏళ్ల ముందే ఆ దూరాలు జనానికి తెలుసు. చలికాలంలో నెలల తరబడి గడ్డకట్టిన సరస్సు మీద బండి లాగడం అడవిలో నడవడంకన్నా ఎంతో సులువు, వేసవిలో అదే సరస్సు పడవ దారి అవుతుంది. ఒనెగా ఒడ్డు బండల మీద చెక్కిన పడవల బొమ్మలను ఇప్పటికీ చూడవచ్చు, తెల్లసముద్రపు చెక్కుడు బొమ్మలతో కలిపి 2021లో వాటికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది.

కానీ ఒకే మనిషి ఆ కొస నుంచి ఈ కొస దాకా ప్రయాణించాడని అనుకోవలసిన అవసరం లేదు, నా అభిప్రాయంలో అలా అనుకోవడం మన కాలపు వర్తకుణ్ణి వారి మీద రుద్దడమే. ఒక సరస్సువారికి పక్క సరస్సులో వియ్యంకులు ఉంటారు, చేపలు ఏరు ఎక్కే కాలంలో రెండు మూడు ఊళ్లవారు ఒకేచోట చేరి వల వేస్తారు, పెళ్లికో చావుకో ఇచ్చిపుచ్చుకోవడాలు ఉంటాయి. అలా చేయి మారుతూ పోయిన వస్తువు కొన్ని తరాలలో వందల కిలోమీటర్లు దాటగలదు. మిగులు లేని సమాజమని మీరన్నది కూడా పూర్తిగా సరికాదు. కరేలియా భూసంధిలోని అంత్రెయా దగ్గర 1913లో బయటపడిన వల క్రీ.పూ. 8300 ప్రాంతానిది, విల్లో చెట్టు నారతో అల్లినది, సుమారు 30 మీటర్ల పొడవు. అంత వలకు సరిపడా నార తీసి, పేని, అల్లడం ఒక్క కుటుంబానికి తేలిక పని కాదు, దానితో ఒక్కసారిగా పడే చేపలూ ఒక్క కుటుంబం తిని ముగించగలిగేవి కావు. ఎండబెట్టిన చేప, సీల్ కొవ్వు, ఉన్ని తోళ్లు మట్టిలో నిలవవు కనుక మన లెక్కలోకి రావడం లేదు, అంబర్‌కు బదులు వెళ్లిన వాటిలో ఎక్కువ భాగం ఇవేనని నా ఊహ.

రెండో సమాధానం రాసినవారు

వియ్యాల గురించి మీరన్నదానితో ఏకీభవిస్తున్నాను, కానీ అంతా బంధుత్వపు కానుకలేనంటే లుబానా సరిగ్గా ఇమడదు. ఇంటివారికీ బంధువులకూ కావలసినదానికన్నా ఎక్కువ ఆభరణాలను ఒకేచోట, ఒకే తీరులో తయారుచేశారు, ఒనెగా బాడిసల పని స్థలాలదీ అదే పరిస్థితి. ఎదుటివారికి ఏ ఆకారం కావాలో ముందే తెలిసి, దానికోసమే చేసినట్టుంది. సంత లేకపోవచ్చు, వర్తకుడనే వృత్తీ లేకపోవచ్చు, అయినా దూరాన అడిగేవారున్నారన్న ఎరుక ఆ పనివాడి చేతిలో ఉంది. ఫిన్లాండ్ వైపు దొరికిన అంబర్‌లో ఎక్కువ భాగం పూర్తయిన ఆభరణాలే కావడం, ముడి ముక్కలు, పెచ్చులు లుబానా దగ్గర పోగుపడటం పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఈ అభిప్రాయం మరింత బలపడుతోంది.