రూట్‌లో లైసెన్స్ ఉంటే సరిపోదా, ప్రతి ఫైల్లోనూ నోటీసు పెట్టాలా?

కొత్తకమిట్:
పైథాన్, కాస్త సీ కోడ్ ఉన్న చిన్న లైబ్రరీని అపాచీ 2.0 లైసెన్స్ కింద గిట్‌హబ్‌లో పెడుతున్నాను. లైసెన్స్ ఫైల్ రూట్‌లో, అంటే ప్రాజెక్టు పై ఫోల్డర్‌లో ఉంది. మళ్లీ ఒక్కో ఫైల్ పైనా కాపీరైట్, లైసెన్స్ నోటీసు కావాలా? వీటిలో ఒకటి ఎంఐటీ లైసెన్స్ ఉన్న ప్రాజెక్టు నుంచి తెచ్చి సగం మార్చిన ఫైల్. దాని హెడర్ (పైనున్న నోటీసు) తీసేసి నాది పెట్టొచ్చా? జేసన్, పీఎన్‌జీ ఫైళ్ల సంగతేంటి? ఏటా జనవరిలో సంవత్సరం మార్చాలా?

డిఫ్‌రాజు:
చట్టప్రకారం తప్పనిసరి కాదండీ. బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో, మన దగ్గర కూడా, కోడ్ రాసినప్పటి నుంచే కాపీరైట్ ఉంటుంది. కానీ ఎవరో మీ ఫైల్ ఒక్కటే ఎత్తుకెళ్లి వాళ్ల ప్రాజెక్టులో పెట్టుకుంటే రూట్‌లోని లైసెన్స్ దానితో పోదు కదా. అందుకే పెట్టమనేది.

పేజీడు టెక్స్ట్ అక్కర్లేదు, ఎస్‌పీడీఎక్స్ అనే ప్రామాణిక పద్ధతిలో రెండు కామెంట్ లైన్లు చాలు. ‘ఎస్‌పీడీఎక్స్-ఫైల్‌కాపీరైట్‌టెక్స్ట్:’ అని రాసి సంవత్సరం, హక్కుదారు పేరు. కింద ‘ఎస్‌పీడీఎక్స్-లైసెన్స్-ఐడెంటిఫయర్: అపాచీ-2.0’. ఫైల్లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎస్‌పీడీఎక్స్ జాబితాలో ఉన్నది ఉన్నట్టు, హైఫన్‌తో సహా రాయాలి.

షెబాంగ్ (‘#!’తో మొదలయ్యే లైన్) ఉంటే అదే మొదటి లైన్, నోటీసు దాని కింద. ఎక్స్‌ఎంఎల్ డిక్లరేషన్‌కీ అంతే. పైథాన్‌లో ఎన్‌కోడింగ్ లైన్ (ఫైల్లో అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయో చెప్పేది) మొదటి రెండు లైన్లలోనే ఉండాలి. నోటీసు దాన్ని మూడో లైన్‌కి నెట్టేస్తే పైథాన్ 3 దాన్ని పట్టించుకోకుండా యూటీఎఫ్-8గా చదువుతుంది. పాత ఎన్‌కోడింగ్ ఫైలైతే సింటాక్స్ ఎర్రర్ కొడుతుంది.

మెర్జ్‌మావ:
ఎంఐటీ హెడర్ జోలికి వెళ్లకండి. కాపీరైట్ లైనూ, అనుమతి టెక్స్టూ కాపీలన్నిటితో ఉండాలన్నదే ఆ లైసెన్స్ పెట్టే షరతు. వాళ్ల లైన్ ఉంచి, కింద మీది చేర్చండి. మీ మార్పులు అపాచీ కిందే కావాలంటే ఐడెంటిఫయర్‌లో రెండు లైసెన్స్ పేర్ల మధ్య ‘యాండ్’ రాయాలి. ‘ఆర్’ అంటే తీసుకునేవాడు ఏదో ఒకటి ఎంచుకోవచ్చని అర్థం, వాళ్ల కోడ్ మీద ఆ అవకాశం ఇవ్వడానికి మీకు హక్కు లేదు. నన్నడిగితే ఆ ఒక్క ఫైల్నీ పూర్తిగా ఎంఐటీలోనే వదిలేయడం సుఖం.

అందరూ మర్చిపోయేది ఇంకొకటి: సీ కోడ్ కంపైలయ్యాక కామెంట్లు మిగలవు. కాబట్టి ఆ ఎంఐటీ టెక్స్ట్ వీల్ ప్యాకేజీలో (పైథాన్ లైబ్రరీని ఇన్‌స్టాల్ చేసుకునేందుకు పంచేది) విడి ఫైల్‌గా వెళ్లాలి. ప్రాజెక్టు సెట్టింగులుండే పైప్రాజెక్ట్ టామ్ల్ ఫైల్లో లైసెన్స్-ఫైల్స్ కింద దాని దారి ఇవ్వండి. బిల్డ్ అయ్యాక వీల్‌ని అన్‌జిప్ చేసి ఉందో లేదో కళ్లతో చూసుకోండి.

లింట్‌రాణి:
చేత్తో ఎందుకు, ఎఫ్‌ఎస్‌ఎఫ్‌ఈ (ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ యూరప్) వాళ్ల ‘రీయూజ్’ టూల్ ఉంది. ‘రీయూజ్ యానొటేట్’ హెడర్లు పెడుతుంది, ‘రీయూజ్ డౌన్‌లోడ్’ లైసెన్స్ టెక్స్టులు తెస్తుంది, ‘రీయూజ్ లింట్’ ఏ ఫైల్లో లోపం ఉందో చెబుతుంది. లింట్‌ని సీఐలో (కోడ్ మారినప్పుడల్లా తనిఖీలు నడిపే చోట) పెట్టేయండి. యానొటేట్‌ని మాత్రం రిపో మొత్తం మీద వదలొద్దు, తెచ్చుకున్న కోడ్ మీద కూడా మీ పేరు ఎక్కించేస్తుంది.

జేసన్‌లో కామెంట్లకు చోటు లేదు, పీఎన్‌జీలో కుదరదు. వాటి పక్కనే అదే పేరు చివర ‘.లైసెన్స్’ తగిలించి చిన్న ఫైల్ పెట్టండి. బొమ్మలు పదుల్లో ఉంటే ‘రీయూజ్ టామ్ల్’ ఫైల్ ఒక్కటి రాసి ఫోల్డర్ మొత్తానికీ వర్తింపజేయొచ్చు.

సంవత్సరం మార్చనక్కర్లేదు. మొదట ప్రచురించిన ఏడాది చాలు. ఏటా అన్ని ఫైళ్లూ కదిపితే గిట్ బ్లేమ్ (ఏ లైన్ ఎవరు, ఎప్పుడు మార్చారో చూపేది) పాడవడం తప్ప ఒరిగేదేం లేదు. ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ అయితే ముందు అగ్రిమెంట్ చూసుకోండి. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు ఉద్యోగమిచ్చిన యజమానే. అప్పుడు నోటీసులో ఉండాల్సింది కంపెనీ పేరు.

కొత్తకమిట్:
థాంక్సండీ. సీ హెడర్ ఫైళ్లలో (.h ఫైళ్లు) రెండు స్లాష్‌ల కామెంట్ వాడొచ్చా?

డిఫ్‌రాజు:
వాడొచ్చు, కానీ లినక్స్ కెర్నెల్‌లో సీ ఫైళ్లకు రెండు స్లాష్‌లు, హెడర్లకు స్లాష్-స్టార్ అని నియమం. హెడర్లను అసెంబ్లర్ (అసెంబ్లీ కోడ్‌ని మెషీన్ కోడ్‌గా మార్చేది) కూడా చదువుతుంది, పాత అసెంబ్లర్లకు రెండు స్లాష్‌ల కామెంట్ అర్థం కాదు. మీ దాంట్లో అసెంబ్లీ లేకపోతే ఏదైనా ఒకటే.