బాబుకు కరోనా పాజిటివ్: మిగిలిన స్టెరాయిడ్ సిరప్ వేయవచ్చా?

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి):

అందరికీ నమస్కారం. సోమవారం మా ఆయనకు కరోనా పాజిటివ్ వచ్చింది. నిన్నటి నుంచి బాబుకు 101 జ్వరం, ముక్కు కారుతోంది, రెండుసార్లు విరేచనం అయింది. టెస్టులో వాడికీ పాజిటివే. ఆరేళ్లు, 18 కిలోలు. జ్వరం దిగినప్పుడు లేచి ఆడుకుంటున్నాడు, పెరుగన్నం నాలుగు ముద్దలు తిన్నాడు. ఎదురింటివాళ్లు వాళ్ల పాపకు ఎప్పుడో రాసిన స్టెరాయిడ్ సిరప్ సగం మిగిలిందని తెచ్చిచ్చారు. ముందే వేస్తే ఊపిరితిత్తుల దాకా పోదంట. ఆ సీసాను ఫ్రిజ్ మీద పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఒకటే టెన్షన్. వేయాలా, వద్దా?

జవాబు 1 (పిల్లల వార్డు నర్సు, తిరుపతి):

వేయొద్దమ్మా, సీసా తిరిగిచ్చేయండి. ఆక్సిజన్ బాగున్న బిడ్డకు స్టెరాయిడ్ వేస్తే మేలు లేకపోగా వైరస్‌తో పోరాడే శక్తి తగ్గుతుంది. 2021 జూన్‌లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ తేలికపాటి కరోనాకు స్టెరాయిడ్ వద్దనే ఉంది. యాంటీబయాటిక్ కూడా మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు.

జ్వరానికి పారాసిటమాల్ చాలు. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. మీ బాబుకైతే 250 సిరప్ (5 ఎంఎల్‌లో 250 మిల్లీగ్రాములు ఉండేది) 5 ఎంఎల్, ఆరు గంటలకు ఒకసారి. షాపులో 120, 250 రెండూ దొరుకుతాయి, లేబుల్ చదివాకే పోయండి. విరేచనాలకు ఓఆర్ఎస్, గంజి కొంచెం కొంచెంగా తాగించండి.

వాడు నిద్రపోయాక చొక్కా పైకెత్తి, ఫోన్‌లో గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఈ వయసుకు 30, ఆపైన ఉంటే ఆగొద్దు. ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, పక్కటెముకల మధ్య గుంట పడుతున్నా, మత్తుగా ఉండి నీళ్లు తాగకపోయినా రాత్రయినా సరే రుయా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

జవాబు 2 (చిత్తూరు):

చెల్లీ, నర్సమ్మ చెప్పింది ఈ వారం సంగతి. నేను వచ్చే నెల సంగతి చెబుతాను.

2021 మేలో మా ఇంట్లో అందరికీ వచ్చింది. తొమ్మిదేళ్ల పాపకు ఒక్కరోజు ఒళ్లు వెచ్చబడింది, అంతే. టెస్టు కూడా చేయించలేదు. నాలుగు వారాలయ్యాక ఉన్నట్టుండి 103 జ్వరం, కడుపునొప్పి. మొదట చూపించిన చోట టైఫాయిడ్ అన్నారు. కరోనా మాట వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. అదే నా మనసులో ఇప్పటికీ మెదులుతుంది. నాలుగో రోజు పొద్దున జడ వేద్దామని ముఖం ఇటు తిప్పితే కళ్లు రెండూ ఎర్రగా ఉన్నాయి, పుసి మాత్రం లేదు. పెదాలు ఎండి పగిలాయి. చేతులు వాచి గాజులు దిగడం లేదు.

వేలూరు తీసుకెళ్లాం. అక్కడ డాక్టరమ్మ మొదటి ప్రశ్నే, "నెలన్నర లోపల ఇంట్లో ఎవరికైనా కరోనా వచ్చిందా?" మిస్-సి అన్నారు. వైరస్ పోయాక 2 నుంచి 6 వారాల్లో ఒళ్లే తన మీద తిరగబడి, గుండెతో సహా అన్నిటికీ వాపు తెస్తుందట. అరుదుగా వస్తుంది, కానీ వస్తే ఇంట్లో పెట్టుకునే జబ్బు కాదు. పాప బీపీ అప్పటికే పడిపోయింది. రక్తపరీక్షలు, గుండెకు ఎకో చేశారు. ఐవీఐజీ అని, దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, కిలోకు 2 గ్రాముల లెక్కన సీసా తర్వాత సీసా రాత్రంతా ఎక్కించారు. దాంతోపాటు స్టెరాయిడ్ ఇచ్చారు. అవును, నువ్వు వేయాలా అని అడుగుతున్న మందే. అక్కడ మానిటర్ ముందు అది మా పాపను నిలబెట్టింది. ఇంట్లో రెండో రోజు జ్వరానికి అది పనికిరాదు.

ఇంటికొచ్చాక కొన్ని వారాలు చిన్న డోసు ఆస్పిరిన్ వాడాం, మళ్లీ ఎకో తీయించాం. ఇప్పుడు బాగుంది. ఆస్పిరిన్ మాత్రం డాక్టరు చెప్పకుండా పిల్లల జ్వరానికి ఎప్పుడూ వేయొద్దు.

ప్రశ్న అడిగినవారు:

అక్కా, నర్సమ్మా, దండాలు. సీసా తిరిగిచ్చేశాను. నిద్రలో రెండుసార్లు లెక్కపెట్టాను, 24, 22. పొద్దున పిల్లల డాక్టరుకు చూపించాం, పారాసిటమాల్ చాలన్నారు. దేవుడి గదిలో క్యాలెండర్ మీద ఇవాళ్టి నుంచి ఆరు వారాలు లెక్కేసి ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టాను. దాని కింద "జ్వరం వస్తే కరోనా సంగతి చెప్పాలి" అని రాసిపెట్టాను, నేను ఇంట్లో లేకపోయినా మా అత్తమ్మకు కనబడేలా.