తలకు దెబ్బ తగిలినప్పుడు పుర్రెకు రంధ్రం చేయకుండా లోపలి ఒత్తిడిని ఎంతవరకు తెలుసుకోగలం?

ప్రశ్న: శిరీష, గుంటూరు

మా నాన్నగారికి అరవై ఏళ్లు దాటాయి. గుండెలో లోహపు వాల్వు ఉన్నందున చాలాకాలంగా రక్తం పలుచబడే మందు వాడుతున్నారు. ఈ వారం స్కూటరు మీద నుంచి పడి తలకు బలమైన దెబ్బ తగిలింది. సీటీ స్కాన్‌లో మెదడు కమిలి అక్కడక్కడ రక్తస్రావమైందని, వాపు కూడా ఉందని, స్పృహ స్థాయిని చెప్పే జీసీఎస్ స్కోరు 7 మాత్రమే ఉందని చెప్పి వెంటిలేటర్ మీద పెట్టారు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఒత్తిడిని కొలిచే ప్రోబ్ అమర్చాలని మొదట అనుకున్నారు గానీ, రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చూపే ఐఎన్ఆర్ బాగా ఎక్కువగా ఉన్నందువల్ల రక్తస్రావం పెరుగుతుందేమోనని ఆగారు. దానికి బదులు మూసిన కనురెప్పల మీద అల్ట్రాసౌండ్ చేసి, కంటి నరం పొర వెడల్పు 6.2 మిల్లీమీటర్లు ఉంది కనుక లోపల ఒత్తిడి పెరిగి ఉండవచ్చని చెప్పారు. మందులు ఇచ్చాక మరునాడు అది 5.7కు తగ్గింది.

కంటి దగ్గర కొలిస్తే మెదడులోని ఒత్తిడి ఎలా తెలుస్తుంది? ఈ అంకెను నమ్ముకుని వైద్యం చేయడం సరైనదేనా, లేక ప్రోబ్ పెట్టగలిగే మరో ఆసుపత్రికి ఆయనను తరలించడం మంచిదా? దీనితో పరిచయం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: న్యూరో ఐసీయూ వైద్యురాలు, హైదరాబాద్

శిరీష గారూ, మీ నాన్నగారిని చూడకుండా ఆయన వైద్యం గురించి తీర్పు చెప్పలేను గానీ, మీరు అడిగిన పద్ధతి గురించి చెప్పగలను.

కంటి నరం నిజానికి మెదడుకు కొనసాగింపే. మెదడును కప్పి ఉంచే పొరలే ఆ నరాన్ని కూడా తొడుగులా చుట్టుకుని కనుగుడ్డు వెనుక దాకా వస్తాయి. మెదడు చుట్టూ ఉండే ద్రవం ఆ తొడుగులోకి కూడా చేరుతుంది. పుర్రె గట్టిది, సాగదు. దానిలో మెదడు, రక్తం, ద్రవం ఈ మూడింటికే చోటు ఉంది కనుక వాపు వల్లనో రక్తపు గడ్డ వల్లనో ఒకటి పెరిగితే మిగిలినవి పక్కకు తప్పుకోవాలి, అలా తప్పుకోలేని స్థితి వచ్చాక ఒత్తిడి చాలా వేగంగా పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ద్రవం నరం తొడుగులోకి నెట్టుకు వచ్చి దానిని ఉబ్బిస్తుంది. ఆ ఉబ్బునే కనుగుడ్డుకు 3 మిల్లీమీటర్ల వెనుక కొలుస్తారు.

అయితే ఎన్ని మిల్లీమీటర్లు దాటితే ప్రమాదమన్న దానికి అందరూ ఒప్పుకున్న ఒకే గీత లేదు. వేర్వేరు అధ్యయనాలు 5 నుంచి 6 మధ్య వేర్వేరు హద్దులు చూపాయి, ఎందుకంటే ఆరోగ్యవంతులలో కూడా ఈ వెడల్పు మనిషికీ మనిషికీ మారుతుంది. నుదుటి మీద చేయి వేసి జ్వరం ఉందని చెప్పగలం గానీ 101 ఉందో 103 ఉందో చెప్పలేము. ఈ పరీక్ష కూడా అలాంటిదే. పెద్దలలో పడుకున్నప్పుడు పుర్రెలోని ఒత్తిడి మామూలుగా పాదరసం 7 నుంచి 15 మిల్లీమీటర్లు ఉంటుంది, 22 దాటితే తగ్గించేందుకు వైద్యం చేయాలని బ్రెయిన్ ట్రామా ఫౌండేషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ 22ను నేరుగా చూపగలిగేది లోపల అమర్చిన ప్రోబ్ మాత్రమే.

అందుకని కంటి స్కాన్ పనికిరానిదని కాదు. 6.2 నుంచి 5.7కు తగ్గిందన్న మార్పు, విడిగా 5.7 అన్న అంకె కంటే ఎక్కువ చెబుతుంది. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి: ఒత్తిడి చాలాసేపు ఎక్కువగా ఉంటే ఆ తొడుగు సాగిపోయి, ఒత్తిడి తగ్గిన తరువాత కూడా వెంటనే మునుపటి వెడల్పుకు రాకపోవచ్చు.

సమాధానం: అనస్థీషియా వైద్యుడు, విశాఖపట్నం

పై సమాధానంతో ఏకీభవిస్తూ, కొలిచే తీరు గురించి కొంత చేర్చుతున్నాను, ఎందుకంటే ఈ పరీక్ష విలువంతా కొలిచే చేతిలోనే ఉంది. హద్దుకు పైన, కింద ఉన్న అంకెల మధ్య తేడా అర మిల్లీమీటరే కాబట్టి, కంటి మీద పెట్టే అల్ట్రాసౌండ్ పరికరాన్ని కాస్త వాలుగా పట్టుకున్నా, నరం అంచు ఎక్కడ మొదలవుతుందో తప్పుగా గుర్తించినా ఫలితం తారుమారవుతుంది. జెల్ మందంగా వేసి కంటి మీద ఏమాత్రం బరువు పడకుండా, రెండు కళ్లలోనూ కొలిచి సగటు తీసుకోవాలి. వీలైనంతవరకు ప్రతిసారీ ఒకే వ్యక్తి కొలవడం మేలు. కనుగుడ్డుకే గాయమైందన్న అనుమానం ఉంటే ఈ పరీక్ష చేయకూడదు.

మీ ఆసుపత్రిలో ట్రాన్స్‌క్రానియల్ డాప్లర్ ఉందేమో అడగండి. నార్వే శాస్త్రవేత్త రూనె ఆస్లిడ్ 1982లో పరిచయం చేసిన ఈ పద్ధతిలో కణత దగ్గర ఎముక పలుచగా ఉండే చోటు నుంచి శబ్ద తరంగాలు పంపి మెదడు రక్తనాళాలలో రక్తం ప్రవహించే వేగాన్ని కొలుస్తారు. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ గుండె సడలే సమయంలో వేగం ముందుగా పడిపోతుంది, దానితో పల్సటిలిటీ ఇండెక్స్ అనే నిష్పత్తి పెరుగుతుంది. ఒత్తిడి ప్రమాదకరంగా లేదని తేల్చడానికి ఇది బాగా ఉపకరిస్తుంది. ఉందని తేల్చడంలో అంత బలమైనది కాదు, ఎందుకంటే రక్తపోటు, రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ మారినా ఆ నిష్పత్తి మారుతుంది. వయసు పైబడినవారిలో కొందరికి కణత ఎముక మందంగా ఉండి తరంగాలు లోపలికి వెళ్లవు, అప్పుడు డాప్లర్ అసలు సాధ్యపడదు.

ఇక నడుము నుంచి నీరు తీసి ఒత్తిడి కొలవవచ్చు కదా అని బంధువులు అడుగుతూ ఉంటారు. మెదడు వాచి ఉన్నప్పుడు అలా చేస్తే మెదడు కిందికి జారి ప్రాణాపాయం కలగవచ్చు కనుక ఆ దారి వద్దు.

సమాధానం: ట్రామా ఐసీయూ నర్సు, విజయవాడ

యంత్రాల మాట అలా ఉంచితే, మంచం పక్కన ఎప్పుడూ జరిగే పరిశీలన గురించి ఒకటి చెప్పాలనిపించింది. కంటిపాపల పరిమాణాన్ని, వెలుతురు పడినప్పుడు అవి కుంచించుకునే తీరును మేము మాటిమాటికీ చూసి నమోదు చేస్తాము. ఒక పాప పెద్దదై స్పందించడం మానితే వెంటనే వైద్యులను పిలవాలి. కొన్ని పెద్ద ఆసుపత్రులలో ఈ స్పందనను కొలిచే ప్యూపిలోమీటర్ ఉంది. అది 0 నుంచి 5 వరకు అంకె ఇస్తుంది, 3 కంటే తగ్గితే అసాధారణమని లెక్క. రక్తపోటు పెరిగి, నాడి నెమ్మదించి, శ్వాస క్రమం తప్పడం కూడా ఒత్తిడికి గుర్తే, కానీ అది ఆలస్యంగా కనిపించే గుర్తు. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు.

తల వైపు మంచాన్ని 30 డిగ్రీలు ఎత్తడం, మెడ ఒక పక్కకు వాలకుండా నిటారుగా ఉంచడం, మెడ పట్టీ బిగుతుగా లేకుండా చూడటం చిన్న విషయాలుగా కనిపిస్తాయి. మెడలోని సిరలు నొక్కుకుపోతే తలలోని రక్తం కిందికి దిగక ఒత్తిడి పెరుగుతుంది. మీరు లోపలికి వెళ్లినప్పుడు నాన్నగారి మెడ ఒక పక్కకు వాలి కనిపిస్తే మీరు సరిచేయకుండా అక్కడి సిస్టరుకు చెప్పండి.

శిరీష, గుంటూరు

అందరికీ కృతజ్ఞతలు. ఇక్కడ డాప్లర్ ఉందని, రేపు చేస్తామని చెప్పారు. విటమిన్ కె, ప్లాస్మా ఇచ్చాక ఐఎన్ఆర్ తగ్గిందట. ఇప్పుడు ప్రోబ్ పెట్టే విషయం మళ్లీ ఆలోచిస్తున్నామంటున్నారు. కంటి కొలత తగ్గుతున్నప్పుడు పుర్రెకు రంధ్రం చేయడం నిజంగా అవసరమా? ప్రోబ్ లేకుండా చేసిన వైద్యమూ అంతే ఫలితం ఇచ్చిందని ఒకరు చెప్పారు, అది నిజమేనా?

సమాధానం: న్యూరో ఐసీయూ వైద్యురాలు, హైదరాబాద్

వారు చెప్పింది బహుశా బొలీవియా, ఈక్వడార్ దేశాలలో 324 మంది మీద జరిగి 2012లో వెలువడిన అధ్యయనం గురించి అయి ఉండాలి. తలకు తీవ్రమైన గాయమైనవారిలో ఒక వర్గానికి ప్రోబ్ చూపే ఒత్తిడి ఆధారంగా, రెండవ వర్గానికి సీటీ స్కాన్, మంచం పక్క పరీక్షల ఆధారంగా వైద్యం చేశారు. ఆరు నెలల తరువాత చూస్తే ప్రోబ్ పెట్టినవారి పరిస్థితి మెరుగ్గా ఉందని నిరూపణ కాలేదు. దీనిని చాలామంది ఒత్తిడిని పట్టించుకోనక్కరలేదన్నట్టుగా చెబుతారు, అది నాకు బాధ కలిగిస్తుంది. రెండవ వర్గానికి కూడా ఒత్తిడి తగ్గించే వైద్యం పట్టుదలగా, పద్ధతి ప్రకారం జరిగింది. ప్రోబ్ లేనిచోట జాగ్రత్తగా పదేపదే పరీక్షించి వైద్యం చేయవచ్చని అది మనకు ధైర్యమిస్తుంది, అంతవరకే.

ప్రోబ్ వల్ల రెండు ప్రయోజనాలు ఉన్నాయి, ఇప్పటి వరకు ఏ బయటి పద్ధతీ వాటికి సరితూగలేదు. మొదటిది, అది రాత్రింబవళ్లు ఆగకుండా కొలుస్తుంది. సగటు రక్తపోటు నుంచి ఆ ఒత్తిడిని తీసివేస్తే మెదడుకు రక్తాన్ని నెట్టే బలమెంతో తెలుస్తుంది. దానిని 60 నుంచి 70 మధ్య ఉంచాలంటే ఆ రెండు అంకెలూ ప్రతి నిమిషం ఎదురుగా ఉండాలి. రెండవది, మెదడు కుహరంలోకి సన్నని గొట్టం పెడితే కొలవడంతోపాటు ద్రవాన్ని బయటికి తీసి ఒత్తిడిని తగ్గించవచ్చు, అయితే దానికి ఇన్ఫెక్షన్ ముప్పు కూడా ఉంది. పుర్రె ఎముక అతి సూక్ష్మంగా వ్యాకోచించడాన్ని చర్మం పైనుంచే పసిగట్టే పరికరం బ్రెజిల్‌లో భౌతిక శాస్త్రవేత్త సెర్జియో మస్కరెన్యాస్ కృషితో రూపొందింది. తనకే మెదడులో నీరు చేరే జబ్బు వచ్చాక ఆయన ఈ పనికి పూనుకున్నారు. ఎంతో ఆశ కలిగించే పరికరమే గానీ అది ముఖ్యంగా ఒత్తిడి తరంగపు ఆకారాన్ని చూపుతుంది. ప్రోబ్‌కు పూర్తి ప్రత్యామ్నాయం కాదు.

కాబట్టి ఐఎన్ఆర్ సరిపడా తగ్గి, మత్తు ఆపి పరీక్షించడం ఇంకా వీలుకాని స్థితిలో ఉంటే, ప్రోబ్ పెడతామన్న మాటకు భయపడకండి. డాప్లర్ బాగుండి, సీటీలో వాపు తగ్గుముఖం పట్టి, మత్తు తగ్గించినప్పుడు ఆయన స్పందిస్తుంటే వారు వద్దనుకోవచ్చు, అదీ సమంజసమే. తరలింపు గురించి నా అభిప్రాయం అడిగారు కనుక చెబుతున్నాను: న్యూరోసర్జన్, సీటీ, వెంటిలేటర్ ఉన్నచోట ఉన్నప్పుడు, దారిలో ఆక్సిజన్ గానీ రక్తపోటు గానీ పడిపోతే జరిగే నష్టం, అక్కడికి వెళ్లి ప్రోబ్ పెట్టించినందువల్ల కలిగే లాభం కంటే పెద్దది కావచ్చు. ఇంకొకటి మీరే గుర్తుచేయాలి. లోహపు వాల్వు ఉన్నందున రక్తం పలుచబడే మందును ఎక్కువకాలం ఆపలేము, త్వరగా మొదలుపెడితే మెదడులో మళ్లీ రక్తస్రావం కావచ్చు. ప్రోబ్ పెట్టినా, తీసినా ఆ మందు వేళలను దానికి అనుగుణంగా సరిచూసుకోవాలి కనుక, న్యూరోసర్జన్, కార్డియాలజిస్ట్ ఇద్దరూ కలిసి ఎప్పుడు మొదలుపెడతారో నిర్ణయించి మీకు చెప్పమని ఈరోజే అడగండి.