చైనా డ్రామాల్లో వినిపించే ‘జియె’ను తెలుగులో ఏమందాం?

శియాన్‌శియా డ్రామాలు, అంటే దేవతలు, మాయనక్కలు, వేల ఏళ్ళపాటు నడిచే ప్రేమలు ఉండే చైనా సీరియళ్ళు చూసేవాళ్ళు ఈ గుంపులో చాలామందే ఉన్నారు. ఆ కథలన్నిటినీ నడిపించే మాట ఒకటుంది: ‘జియె’. పాత్రలు ‘లీ జియె’ (జియె అనుభవించడం) అంటాయి, ‘దూ జియె’ (జియె దాటడం) అంటాయి, ప్రేమ సంగతి వస్తే ‘చింగ్ జియె’ (ప్రేమ జియె) అంటాయి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌లో ఒకచోట ట్రయల్ అనీ, ఇంకోచోట ట్రిబ్యులేషన్ అనీ పడుతుంది. కథ అర్థమవుతుంది గానీ ఆ మాట బరువు అందదు. వీటికి తెలుగులో సబ్‌టైటిల్స్ రాయాల్సి వస్తే ఏ మాట వాడాలి? నా ప్రతిపాదన ముందే చెప్పేస్తున్నాను: ‘గండం’.

ఆ మాట కథలో ఏం పని చేస్తుందో చూడండి. 2017లో వచ్చిన 58 భాగాల ‘సాన్ షెంగ్ సాన్ షీ షీ లీ తావ్ హువా’ చాలామంది చూసే ఉంటారు. మూడు జన్మలు, మూడు లోకాలు, పది లీల మేర పీచ్ పూలు అని ఆ పేరుకు అర్థం. (లీ అంటే సుమారు అర కిలోమీటరు. ఐదు కిలోమీటర్ల పూలతోట అన్నమాట.) నాయిక బాయ్ చియెన్ తెల్ల నక్కల వంశంలో పుట్టిన దేవత. మగవేషం వేసుకుని కున్‌లున్ పర్వతం మీద చదువుకునే రోజుల్లో ఆమె మీద మూడు పిడుగులు పడాల్సి ఉంటుంది. గురువు మో యువాన్ అడ్డం నిలబడి వాటిని తన ఒంటిమీద తీసుకుంటాడు. అది ఒక జియె. చాలాకాలం తర్వాత ఇంకొకటి వస్తుంది. పోరాటంలో శక్తులూ జ్ఞాపకాలూ పోగొట్టుకుని, తానెవరో తెలియకుండా ఒక కొండమీద మామూలు మనిషిలా బతుకుతుంటే స్వర్గ యువరాజు యె హువా పరిచయమవుతాడు. ప్రేమ, పెళ్ళి అయ్యి స్వర్గానికి వెళ్ళాక నిందలు మొదలవుతాయి. కళ్ళు కూడా పోతాయి. చివరికి స్వర్గంలోని ఒక ఎత్తైన వేదిక మీంచి దూకేస్తుంది. చావాలని దూకిన మనిషి తిరిగి దేవతవుతుంది, అదీ మునుపటికంటే పై మెట్టు మీద. ఆ ప్రేమా ఆ ఏడుపూ అంతా కలిసి ఆమె దాటాల్సిన జియె.

జియె ఒక నేరానికి వేసిన శిక్ష కాదు. దాని వేళకు అది వచ్చి పడుతుంది. పక్కకు తప్పుకునే దారి లేదు, అందులోంచి నడిచి అవతలికి పోవాలి. మన గండమూ అలాగే ఉంటుంది. ఫలానా ఏట జలగండం ఉందని జాతకం చూసి చెప్తారు. ఏ పాపం చేస్తే వచ్చిందని ఎవరూ అడగరు. ‘ఉంది’ అంటారు, ‘గడిచింది’ అంటారు, అంతే. కాన్పు దగ్గర ‘గండం గడిచి పిండం బయటపడాలి’ అనే మాటలో భయమూ ఉంది, అవతల ఒక మంచి ఉందన్న ఆశా ఉంది.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది ‘దూ జియె’లోని క్రియ. ‘దూ’ అంటే ఏరు దాటడం. ఆ అక్షరం రాసేటప్పుడు ఎడమ పక్కన నీటి గుర్తు వేస్తారు. మనం గండం ‘గట్టెక్కాం’ అంటాం. ఎక్కేది ఏటి గట్టే కదా! ఎవరి దగ్గరా ఎవరూ అడిగి తీసుకోకుండానే రెండు భాషలూ ఈ కష్టాన్ని నీళ్ళుగానే చూశాయి. ఇంత దగ్గరి మాట చేతిలో ఉండగా ‘పరీక్ష’ అనీ ‘విపత్తు’ అనీ రాస్తే నాకు మనసొప్పదు.

మీ అభిప్రాయాలు చెప్పండి.

ఒక సభ్యురాలు:

అక్కా, గండం అంటే నాకు ఒక్క క్షణంలో ప్రాణం మీదికి వచ్చేదే గుర్తొస్తుంది. పాము గండం, లారీ గండం లాగ. ఈ డ్రామాల్లో దేవత భూమ్మీద పుట్టి, ప్రేమించి, ఏడ్చి, తిరిగి పైకి వెళ్ళేసరికి ఒక జీవితకాలం గడుస్తుంది. మన కథల్లో దానికి ‘శాపం’ అనే మాట ఎప్పటినుంచో ఉంది కదా. వైకుంఠం వాకిట్లో సనకసనందనాదులు శపిస్తే జయవిజయులు మూడు జన్మలెత్తారు: హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు. ఆ డ్రామా పేరులోనూ మూడు జన్మలే. శాపం, శాపవిమోచనం అంటే మా అమ్మమ్మకు కూడా వివరించక్కర్లేదు.

మొదట రాసినవారు:

మూడు జన్మల పోలిక బాగుందమ్మా. అయినా శాపానికి నేను ఒప్పుకోను. శాపం ఉందంటే శపించినవాడు ఉండాలి, వాడికి కోపం తెప్పించిన తప్పు ఉండాలి. విమోచనం అయ్యాక జయవిజయులు మళ్ళీ అదే వాకిట్లో అదే కాపలాకు వచ్చారు. జియె దాటిన దేవత మొదటి చోటికి రాదు, ఒక మెట్టు పైకి వస్తుంది. పైగా తప్పు చేసిన దేవతను కిందికి తోసెయ్యడం చైనా కథల్లో వేరే ఉంది, దానికి వేరే మాటా ఉంది. కోతిరాజు సున్ వుకోంగ్ ఉండే పాత నవలలో స్వర్గ సేనాపతి ఒకడు తాగి చంద్రలోకపు దేవకన్యతో తప్పుగా ప్రవర్తిస్తే భూమ్మీదికి తోసేస్తారు, పంది మొహంతో పుడతాడు. అక్కడ శాపం అనండి, నిక్షేపంగా సరిపోతుంది. బాయ్ చియెన్ విషయంలో శాపం అంటే ఆ అమ్మాయి చెయ్యని తప్పును మనం ఆమె నెత్తిన రుద్దినట్టే అవుతుంది.

గండం ఒక్క క్షణానిదే అన్నది కూడా నిజం కాదు. ‘నిత్యగండం నూరేళ్ళాయుష్షు’ అని రోజూ అనేదే కదా.

సంస్కృతం మాస్టారు:

మీ చర్చ చూస్తే సంతోషంగా ఉంది. మీరంతా దాని మీదే నడుస్తూ ఎవరూ వంగి చూడని సంగతి ఒకటుంది. ఆ జియె మన ‘కల్పం’.

ఇంట్లో పూజ చేసేటప్పుడు సంకల్పంలో ‘శ్వేతవరాహకల్పే వైవస్వతమన్వంతరే’ అంటామే, ఆ కల్పం. మన పురాణాల లెక్కలో వెయ్యి మహాయుగాలు, అంటే 432 కోట్ల సంవత్సరాలు, బ్రహ్మకు ఒక పగలు. బౌద్ధులు అంకెలు వేసే బదులు ఒక ఉపమానం చెప్పారు. యోజనం పొడవూ వెడల్పూ ఎత్తూ ఉన్న గట్టి రాతికొండ ఉంది. నూరేళ్ళకొకసారి ఒకడు వచ్చి మెత్తని కాశీ వస్త్రంతో దాన్ని ఒక్కసారి తుడిచి పోతాడు. కొండ అరిగిపోతుందేమో గానీ కల్పం ముగియదు.

బౌద్ధ గ్రంథాలు చైనాకు చేరినప్పుడు అనువాదకులకు ఇంత పెద్ద కాలానికి మాట దొరకలేదు. శబ్దాన్నే అక్షరాల్లో పెట్టి ‘జియెబో’ అన్నారు, తర్వాత దాన్ని ‘జియె’గా కుదించారు. ఇప్పటి పలుకు చూసి ఇందులో కల్పం ఎక్కడుందని అడగకండి. పాత చైనా ఉచ్చారణలో ఆ అక్షరం క-కారంతో మొదలై ప-కారంతో ముగిసేది. హాంకాంగ్ వైపు కాంటనీస్‌లో ఇప్పటికీ ‘కిప్’ అంటారు, కొరియాలో ‘కొప్’, వియత్నాంలో ‘కియెప్’. పాళీలో కల్పాన్ని ‘కప్ప’ అంటారు. ఆ పలుకుకు ఇవి ఎంత దగ్గరో చూడండి.

ఇక కాలం పేరు కష్టం పేరెలా అయింది? బౌద్ధుల లెక్కలో లోకం పుడుతుంది, నిలుస్తుంది, చెడుతుంది, శూన్యమవుతుంది. చెడే దశలో నిప్పు, నీరు, గాలి వచ్చి నాశనం చేస్తాయి. వినేవాళ్ళకు కోట్ల సంవత్సరాలు గుర్తుండలేదు, చివర్లో వచ్చే నిప్పు గుర్తుండిపోయింది. చైనా భిక్షువుల చరిత్రల్లో దీనికో కథ ఉంది. హాన్ చక్రవర్తి వూ రాజధాని దగ్గర పెద్ద చెరువు తవ్విస్తుంటే అడుగున నల్లటి బూడిద తేలింది. ఆస్థానంలో అన్నీ తెలిసిన దోంగ్‌ఫాంగ్ షువోను అడిగితే, నాకు తెలియదు, పడమటివాళ్ళను అడగండన్నాడట. తర్వాతి కాలంలో భారతదేశం నుంచి వచ్చిన ధర్మరత్నుడనే భిక్షువు, అది కల్పాంతంలో లోకాన్ని కాల్చిన నిప్పు తాలూకు బూడిద అని చెప్పాడు. నిజంగా జరిగిందా అన్నది పక్కన పెట్టండి. మాట అర్థం కాలం నుంచి నాశనం వైపు ఎలా మళ్ళిందో ఆ బూడిదలో కనిపిస్తుంది.

వైద్యవిద్య కోసం చైనాలో ఉండి వచ్చిన సభ్యుడు:

మాస్టారూ, నమస్కారం. అక్కడ వార్తల్లో ‘చియాంగ్ జియె’ అంటే దోపిడీ. విమానం హైజాక్‌కు కూడా ఇదే అక్షరం వాడతారు. కల్పానికీ దోపిడీకీ సంబంధం ఏమిటా అని చాలా రోజులు ఆలోచించాను. మా హాస్టల్లో చైనా స్నేహితులు పరీక్షలు దగ్గర పడితే ‘దూ జియె’ అనేవాళ్ళు. అంటే ఈ మాట డ్రామాల్లోంచి దిగి మామూలు మాటల్లోకి కూడా వచ్చేసింది. సెమిస్టర్ గండం గట్టెక్కాలి అని మనం అనుకోవడం లాంటిదే, కాబట్టి నా ఓటు గండానికే.

సంస్కృతం మాస్టారు:

బాబూ, ఆ అక్షరానికి మొదట ఉన్న అర్థం అదే, బలవంతంగా దోచుకోవడం. సుమారు 1,900 ఏళ్ళ నాటి వాళ్ళ నిఘంటువు, పోవాలనుకున్నవాణ్ణి బలంతో ఆపడం అని దానికి అర్థం చెప్తుంది. కల్పానికి ఆ అక్షరాన్ని తీసుకున్నది శబ్దం కోసం. అయినా ‘పోనివ్వకుండా పట్టి ఆపేది’ అన్న పాత అర్థం కూడా లోపల పని చేసి ఉంటుందని నేననుకుంటాను. ఇది నా ఊహ మాత్రమే.

ఇంకొక సభ్యుడు:

ఇన్ని మాటలెందుకండీ? మూలం మనదేనని తేలిపోయింది కదా, సబ్‌టైటిల్‌లో ‘కల్పం’ అనే రాస్తే సరి. మన మాట మన ఇంటికి తిరిగొచ్చినట్టు ఉంటుంది.

మొదట రాసినవారు:

అలా రాస్తే చూసేవాళ్ళకు ఏమీ అందదండీ. ‘నేను నా కల్పం దాటాలి’ అని నాయిక అంటే ఏ కాలం దాటుతుందో అనుకుంటారు. పుట్టినింటి సంబంధం చూపించుకోవాలన్న మోజుతో కథను చీకట్లో పెట్టకూడదు. మాస్టారు చెప్పింది చదివి నాకు ఒళ్ళు పులకరించింది, అబద్ధమెందుకు. కానీ ఆ మాట అక్కడ వెయ్యేళ్ళకు పైగా వాళ్ళ కథలతో కలిసి బతికింది. పిడుగుల సంగతే చూడండి. 17వ శతాబ్దిలో పుట్టిన పూ సోంగ్‌లింగ్ రాసిన కథల్లో ఒక నక్కల కుటుంబానికి ‘పిడుగు జియె’ వస్తుంది. స్నేహితుడైన మనిషి కత్తి పట్టుకుని వాకిట్లో నిలబడి కాపాడతాడు. మో యువాన్ ఒంటిమీద పడ్డ మూడు పిడుగులకు బంధువులు ఆ కథలోనే దొరుకుతాయి, మన పురాణాల్లో వెతికితే దొరకవు.

ఒక సభ్యురాలు:

సరే అక్కా, గండానికి నేనూ వచ్చేశాను. మరి ‘చింగ్ జియె’? ప్రేమగండం అంటే ప్రేమ వల్ల వచ్చిన ప్రమాదంలా ఉంది. 2022లో వచ్చిన ‘త్సాంగ్‌లాన్ జ్యుయె’లో నాయిక విధిదేవత కొలువులో పని చేస్తుంది, మనుషుల తలరాతల పుస్తకాలను బాగుచెయ్యడం ఆమె పని. అక్కడ ఎవరికి ఎలాంటి ప్రేమ, ఎలాంటి ఎడబాటు అన్నది ముందే రాసి ఉంటుంది. చిత్రగుప్తుడు జరిగినదాన్ని రాసుకుంటాడు, వీళ్ళు జరగబోయేదాన్ని రాస్తారు. ఆ రాసిపెట్టి ఉండడం అనేది ప్రేమగండంలో వినిపిస్తుందా?

మొదట రాసినవారు:

వినిపిస్తుందనే నా నమ్మకం. ‘ఈ అమ్మాయికి నీటిగండం ఉంది’ అన్నప్పుడు రాసిపెట్టి ఉండడం ఆ ‘ఉంది’లోనే వచ్చేస్తుంది. అందుకే వాక్యం కట్టడం ముఖ్యం. ‘ప్రేమగండంలో పడింది’ అంటే మీరన్నట్టు ప్రమాదమే అవుతుంది. ‘ఆమెకు ప్రేమగండం ఉంది’ అనండి, ‘ఈ ప్రేమగండం ఎలా గడుస్తుందో’ అనండి, జాతకం మాట వచ్చేస్తుంది. ‘వలపు గండం’ ఇంకా అందంగా ఉంటుంది గానీ ఇప్పుడు వలపు అనేవాళ్ళు పాటల్లో తప్ప లేరు, కాబట్టి ప్రేమే ఉంచుతాను. ‘లీ జియె’కు గండం అనుభవించడం, ‘దూ జియె’కు గండం గట్టెక్కడం.

కల్పం అడిగినవారికి కూడా ఒకచోటు ఉంది. ప్రేమికులు ఒట్టు పెట్టుకునేటప్పుడు, విలన్లు బెదిరించేటప్పుడు ‘వాన్ జియె బు ఫూ’ అంటారు, పదివేల జియెలు గడిచినా కోలుకోలేని స్థితి అని. అక్కడ జియె ఇంకా పాత కాలపు కొలతే, అక్కడ గండం పెడితే తప్పు. ‘పదివేల కల్పాలైనా తేరుకోలేవు’ అని రాయాలి. ఒకే డ్రామాలో, ఒక్కోసారి ఒకే సీన్‌లో, ఒకే మాటకు రెండు తెలుగు మాటలు వాడాల్సి వస్తుంది.

సంస్కృతం మాస్టారు:

దానికి మూడోది కూడా కలపండి. వియత్నాంలో ‘కియెప్’ అంటే రోజువారీ మాటల్లో జన్మ. పోయిన జన్మ, వచ్చే జన్మ అనడానికి వాళ్ళు ఈ మాటే వాడతారు. ఈ డ్రామాలను వియత్నామీస్‌లో చూసేవాళ్ళకు మీ ‘మూడు జన్మలు’ ఆ మాటతోనే వినిపిస్తే నేను ఆశ్చర్యపోను. ఆ భాష తెలిసినవాళ్ళెవరైనా గుంపులో ఉంటే, ‘చింగ్ జియె’ను అక్కడ ఎలా రాస్తున్నారో కాస్త చూసి చెప్పండి.